ఎర్ర పెట్ట, నా నూనె చేతులు

"అవ్వా, నల్ల కోడి నిన్నటి సంది గంపల్నే కూసుంది. చెయ్యి పెడితే పొడుస్తాంది. గుడ్లు నువ్వే పెట్టరాదు, నా చేతితోని పెడితే పిల్లలు గావు."

ఏందే ఆ మాట? మల్ల చెప్పు. నీ చేతితోని పెడితే పిల్లలు గావా? ఎవరు చెప్పిన్రు నీకు? చెప్పవు. సరే, చెప్పకు. ఇగో, ఇటొచ్చి గీ మంచం మీద కూసో. ఆ ఫోను పక్కకు పెట్టు, మాట్లాడింది అండ్ల ఎక్కుతదన్నవు గదా, ఎక్కనియ్యి. గుడ్లకు తొందరేం లేదు. పొదుగుకొచ్చిన కోడి యాడికి పోతది, గట్లనే గుర్రుమనుకుంట కూసుంటది. ముందుగాల నేను చెప్పేది ఇను, తర్వాత గుడ్ల సంగతి చూద్దం.

ఈ వాడకట్టుల ఎవరి మగ్గం మీద కొత్త పడుగు ఎక్కినా మొదటి పోగు కట్టనీకి నన్నే పిలుస్తరు, చూస్తనే ఉంటవు గదా. బీరగింజ పెట్టాలన్నా నన్నే, పసిపిల్లకు మొదటి నీళ్లు పోయాలన్నా నన్నే. నర్సమ్మ చెయ్యి మంచిది, నర్సమ్మ చెయ్యి మంచిది అని ఒకటే పాట. నువ్వు గూడ గదే ఇని నా దగ్గరికొచ్చినవు. ఈ చెయ్యి ఎన్నడు మంచిదైందో ఎవ్వరు చెప్పలే నీకు. నేను గీ ఇంటికి కోడలుగ వచ్చిన మొదటి ఏడు, నన్ను పచ్చడి కుండ దగ్గరికి గూడ పోనియ్యలే, ఎరుకేనా?

ఎన్నేండ్లో నాకప్పుడు, పదిహేను. కాదు కాదు, పదహారు పడ్డయి. పోలీసు యాక్షను అయినంక ఐదారేండ్లకు నా లగ్గమైంది. అప్పటికింక నిజాం సిక్కలు పూర్తిగ పోలే, అంగట్ల రెండు రకాల పైసలు నడుస్తుండె, ఒకడు గవి తీసుకునేటోడు, ఒకడు గివి తీసుకునేటోడు. కోడిగుడ్లు అణకు ఎన్నో ఇచ్చేటోళ్లు, ఎన్నో యాదికి లేదు గని, ఇప్పుడు ఒక్కదానికి చెప్పే ధర ఇంటే నాకు నవ్వొస్తది. సాగర్ కట్ట గూడ కట్టలే అప్పటికి. హాలియా దిక్కు ఇప్పుడు పచ్చగ కనబడతది గని, గది గూడ అప్పుడు మన లెక్కనే ఎండిన జాగా. ఏం చెప్తున్న... ఆఁ, లగ్గం.

మా అమ్మ నన్ను కన్న దినమే పోయింది. మా అమ్మమ్మ సాకింది నన్ను, మర్రిగూడ దిక్కు. ఆ ఫ్లోరైడు నీళ్లకు మా దిక్కు మనుషులకు నడుములు వంగుతయి, కాళ్లు వంకరవోతయి. మా అమ్మమ్మ గూడ నేను ఎరిగిన సంది వంగే నడిచింది, నిలబడంగ చూడనే లేదు. అట్ల వంగిన నడుముతోనే నన్ను సంకనెత్తుకొని పెంచింది. ఇగ పుట్టంగనే తల్లిని మింగిన పిల్ల అన్న పేరు నాకంటే ముందే గీ ఊరికి నడిచొచ్చింది. నేను ఎడ్లబండి దిగక ముందే వాడకట్టు ఆడోళ్లందరికి ఆ మాట ఎరుకే.

వచ్చినంక నా కర్మకు రెండు ముచ్చట్లు జరిగినయి. మన ఇంట్ల అప్పుడు తలకు చుట్టుకునే తేలియా రుమాళ్లు నేస్తుండె. ఎర్ర రంగు కాగుల నీళ్లు పోయమంటే పోసిన. నాకేమెరుక, గీ ఊర్ల రెండు బాయిలున్నయని, ఒకటి ఉప్పుదని, ఒకటి తియ్యటిదని? దగ్గరున్న బాయిల చేదుకొచ్చి పోసిన. గది ఉప్పు బాయి. రంగు విరిగింది. ఎర్రగ రావాల్సిన నూలు ఇటుక పొడి లెక్క ఒచ్చింది. మా మామ ఆ పూట అన్నం తినలే. గది కాంగనే, నేను పెట్టిన బీరచెట్టు ఎండింది. ఎండలు గట్లున్నయి, ఎవరు పెట్టినా ఎండుతుండె. కాని పెట్టింది నేను గదా.

అప్పుడు మా అత్త అన్నది. మా అత్త చెడ్డది గాదు, ఆ మాట ముందే చెప్తున్న. నాకు కడుపునిండ అన్నం పెట్టింది, తల దువ్వింది, నా పెయ్యి మీద ఒక్క దెబ్బ ఎయ్యలే. కని నోట్లెకెల్లి మాట గడుసుగ ఒచ్చేది. పక్కింటోళ్లు నలుగురు కూసున్న కాడ, పప్పుల ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది, మా కోడలు మంచిదే గని దాని చెయ్యి మంచిది గాదు అని. తిట్టినా నాకు గంత బాధ లేకుండె. తిట్టు మాపటికి పోతది, గా మాట పోలే.

గా దినం సంది ఏమైందంటే, మగ్గం మీదికి కొత్త పడుగొస్తే నన్ను జర దూరం జరగమనుడు. నీకు ఎరుకే గదా, పాత పడుగు అయిపోతే దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటి అతుకుతరు. అండ్ల మొదటి పోగు చెయ్యి మంచిదున్న ఆడామె కట్టాలె. పసుపు పెట్టి, మొక్కి, కడుతది. ఆ పోగు మంచిగ పడితే పడుగంత తెగకుంట సాగుతదని మనోళ్ల నమ్మకం. నేను సాలోళ్ల బిడ్డను, పుట్టిన సంది పోగుల నడుమ పెరిగిన. అమ్మమ్మ ఇంట్ల నేనే అతికేదాన్ని. ఇక్కడ నా మగని మగ్గానికే నేను పోగు కట్టద్దంటే ఎట్లుంటది చెప్పు? నాకు సీరలొద్దు, సొమ్ములొద్దు, గా మొదటి పోగు నాతోని కట్టిస్తే సాలనిపించేది. ఇంకోటి ఏం ఆశపడలే నేను గా ఏడు.

మరి నాకేం పని ఇచ్చిన్రంటే, నూనె పని. తేలియా అంటే నూనె గదా. నూలు కట్టల్ని ఆముదం కాయల బూడిద నీళ్లల్ల, నూనెల ముంచి, చేతులతోని పిసికి, ఎండకారబెట్టి, మల్ల ముంచి, మల్ల పిసికి, రెండు వారాలు, ఒక్కొక్కసారి మూడు వారాలు గదే పని. నూలు నూనె తాగాలె, అప్పుడే రంగు పట్టుకుంటది. అండ్ల చెడిపోయేదేం లేదు, అందుకని గది నాకిచ్చిన్రు. పొద్దుగాల సంది మాపటి దాక మోచేతుల దాక నూనె. అన్నం తిన్నా నూనె వాసనే, తల దువ్వినా నూనె వాసనే. కడుక్కునేదాన్ని, ఎందుకు కడగ, కని ఉత్త నీళ్లకు గది పోతదా.

ఇగ మా అమ్మమ్మకు ఎట్ల తెలిసిందో, ఎవరు చెప్పిన్రో, ఓ దినం పొద్దెక్కంగ వాకిట్లకొచ్చి నిలబడ్డది. నిలబడ్డది అంటే వంగి నిలబడ్డది. జర దూరం బండి మీద, జర దూరం నడిచి ఒచ్చింది. సంకల ఓ గుడ్డమూట, మూటకెల్లి ఓ కోడి తల బయటికి పెట్టి చూస్తాంది. ఎర్ర పెట్ట. ఆమె ఇంట్ల కోళ్లన్నిట్ల మంచిది గదే. తెచ్చి నా ఒళ్లె పెట్టింది.

సాలోళ్ల వాడకట్టుల కోళ్లుండయి, పాతకాలంల అస్సలుండకుండె. వాడంత పొడుగున పడుగు సాపుతరు, గంజి పెట్టి కుంచెతోని రుద్దుతరు. కోడి ఒచ్చి గా గంజిని పొడుస్తది, పోగుల నడుమ కాళ్లు పెడతది, ఇగ పడుగు ఖరాబే. అందుకని మా అత్త మొఖం ముడుచుకుంది. కని గంత వంగిన ముసలామె గంత దూరంకెల్లి తెస్తే తీసుకపొమ్మని ఎట్లంటది? ఎనకదొడ్ల కట్టేసుకో, పడుగు దిక్కొస్తే మాత్రం కూరొండుత అన్నది. ఒండేదే గూడ, మా అత్త మాటంటే మాటే.

అమ్మమ్మ పొయ్యేటప్పుడు నా చెయ్యి పట్టుకొని, "దీన్ని నీ చేతితోనే పొదగెయ్యి. పిల్లలైనంక నీ చెయ్యిని ఎవ్వరు ఏమనరు," అన్నది. చెవిల చెప్పినట్టు చెప్పలే, మా అత్తకు ఇనబడాలని గట్టిగనే చెప్పింది. మా అత్త ఇన్నది. వాకిట్ల నిలబడ్డ పక్కింటోళ్లు గూడ ఇన్నరు. ఇగ సూడు, నా మర్యాదంత గా ఎర్ర పెట్ట కిందికి పోయింది.

బయట వాడ పుంజు ఒకటి దొడ్లకొచ్చి పొయ్యేది. పెట్ట గుడ్లు పెట్టింది, దినం ఇడిసి దినం. నేను బూడిదల దాచిపెట్టిన. కొన్ని దినాలకు గుడ్లు పెట్టుడు బందు చేసి, మెడ ఈకలు నిక్కబొడుచుకొని, గీ నీ నల్ల కోడి లెక్కనే గంప పట్టుకుంది. గంపల ఇసుక పోసిన, గడ్డి పరిచిన, ఉరుము కొడితే గుడ్లు మురుగుతయని ఓ ఇనుప ముక్క, ఓ బొగ్గు ముక్క పెట్టిన. ఇగ గుడ్లు పెట్టబోతే మా అత్త పక్కింటామెను పిలుస్తనన్నది, ఆమె చెయ్యి మంచిదని. నేను గుడ్లు ఒళ్లె పెట్టుకొని గట్లనే కూసున్న. మీ తాత మగ్గం మీదున్నడు. మీ తాత సంగతి నీకెరుకలే, నువ్వు పుట్టకముందే పోయిండు, దినమంత మాట్లాడింది లెక్కేస్తే పది మాటలుండవు. మగ్గం ఆపిండు. "దాని కోడి, దాని గుడ్లు, దాన్నే పెట్టనియ్యే అమ్మా," అన్నడు. మల్ల మగ్గం కొట్టుకున్నడు. గంతే. పదకొండు గుడ్లు నేనే పెట్టిన.

ఇగ చూడు నా తెలివి. దినాలు లెక్కవెట్టనీకి ఓ పోగుకు దినానికో ముడి ఏసిన, ఇరవై ఒక్క ముళ్లు కావాలె. నూనె పని కాంగనే గంప కాడికి ఉరికేదాన్ని. ఒక్కొక్క గుడ్డు తీసుడు, మంచిగ తుడుసుడు, తిప్పి పెట్టుడు. పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి. నా బిడ్డల్ని గూడ గంత మంచిగ సాకలేనేమో. గుడ్లు ఎట్లయినయంటే తళతళ మెరిసినయి, సూడనీకి రెండు కండ్లు సాలకపోయె. పెట్ట పొడిచేది, కొన్నాళ్లకు అలవాటై ఊకున్నది. ఒక్క గుడ్డు మాత్రం తన రొమ్ము కిందనే పెట్టుకున్నది, ఆడ చెయ్యి పెడితే ముక్కుతోని గట్టిగ ఒకటి పెట్టేది. పోనీలే, ఒక్కటే గదా అని దాన్ని ఇడిసిపెట్టిన.

ఇరవై ఒక్క ముళ్లయినయి. ఏం లేదు. పెట్ట లేవలే, సప్పుడు లేదు. తెల్లారి, ఇరవై రెండో దినం, కియ్యి కియ్యిమని ఒక్క పిల్ల. రొమ్ము కింది గుడ్డుది. ఆ దినమంత కూసున్న, మల్ల తెల్లారి కూసున్న. ఇంకోటి రాలే. మా అత్త ఒచ్చి ఒక్కొక్క గుడ్డు చెవి కాడ ఊపి చూసింది, లోపల నీళ్ల సప్పుడు. పగిలితే కంపు కొడుతదని మెల్లగ తీసుకపోయి పెంట మీద పెట్టింది. నన్నొక్క మాటనలే. అననిదే నాకు ఎక్కువైంది.

బిడ్డా, నాకు ఏడుపు గూడ రాలే అప్పుడు. నేను దినాం ముట్టినయి పదీ సచ్చినయి. పెట్టినంక నేను ముట్టనిదొక్కటే బతికింది. వాళ్లు చెప్తే నమ్మకపోదును, కని నా కండ్లతోని నేనే చూస్తి గదా. నిజమే, నా చెయ్యి గట్లాంటిదే అని నాకే మనసులవడ్డది. మా అమ్మ గూడ గందుకే పోయిందనుకున్న. ఇగ ఆ పిల్లకు నూకలు గూడ చేతితోని ఎయ్యలే, గరిటెతోని పోసిన, నా చెయ్యి తాకితే అదేమైతదో అని. మీ తాతకు అన్నం పెట్టాలంటే భయమైంది. అన్నం పళ్లెం దూరంకెల్లి జరిపేదాన్ని. ఆయన నా మొఖం దిక్కు చూసి, పళ్లెం దిక్కు చూసి తినేటోడు.

రెండు మూడు దినాలకు వాన పడ్డది. పెద్ద వానేం గాదు, జల్లు. మా అత్త ఊడ్చిన కసువు పెంట మీద పోయనీకి పోయింది. పోయిన మనిషి రాదాయె. నేను దొడ్లకెల్లి చూసిన, కసువు బుట్ట సంకన పెట్టుకొని గా గుడ్ల కాడ వంగి చూస్తాంది. ఏం చూస్తాందో నాకు తెల్వలే. తర్వాత ఎరుకైంది. గుడ్ల మీద వాన సుక్కలు సుక్కలుగనే నిలబడ్డయంట, జారుతున్నయి గని పరుచుకుంటలేవంట.

ఈడ నీకొక సంగతి చెప్పాలె. నూలు నూనె తాగిందా లేదా అని ఎట్ల చూస్తరంటే, దాని మీద నీళ్ల సుక్క ఏస్తరు. ఇంకితే ఇంక తాగలేదన్నట్టు, మల్ల ముంచాలె. సుక్క గుండ్రంగ నిలబడితే తాగిందన్నట్టు. మా అత్త పుట్టిన సంది చేసిన పని గది. గా కండ్లతోని చూసింది గుడ్లను.

ఇంటికొచ్చి ఒక్క మాట లేకుంట, రెండు గుడ్లు తెచ్చి అరుగు మీద పెట్టింది. బయట వాడకు పోయి ఓ తాజా గుడ్డు అడుక్కొచ్చింది, అది గూడ పక్కన పెట్టింది. చెంబుతోని నీళ్లు పోసింది. తాజా గుడ్డు మీద నీళ్లు పరుచుకున్నయి. మా గుడ్ల మీద గుండ్లు గుండ్లుగ నిలబడ్డయి. అప్పుడు నన్ను పిలిచి చెయ్యి సాపమన్నది. నా అరచేతుల నీళ్లు పోసింది. అవి గూడ గట్లనే గుండ్లు గుండ్లుగ జారిపోయినయి. నా చెయ్యి దగ్గరికి తీసుకొని వాసన చూసింది. చూసి ఆడనే అరుగు మీద కూలబడ్డది.

"గుడ్డుకు గూడ ఊపిరుంటదే పిల్లా. నూనె పూసి పూసి దాని ఊపిరి మూసినవు," అన్నది. నన్ను తిడుతాందనుకున్న, తల వంచుకున్న. ఇంక మెల్లగ అన్నది, "నీ చెయ్యి మంచిది గాదన్నది నేను. గా చెయ్యిని నూనెల పెట్టిచ్చింది గూడ నేనే."

అప్పుడొచ్చింది సూడు ఏడుపు. ఎన్నేండ్ల ఏడుపో, మా అమ్మ పోయిన కాడికెల్లి ఉన్నదంత ఒక్కపారి ఒచ్చింది. మా అత్త ఊకో అనలే, దగ్గరికి తీసుకోలే, గట్లాంటియి ఆమెకు రావు. అరుగు మీది నీళ్లు తుడిసి, మురిగిన గుడ్లు బొందవెట్టి వచ్చి, పెట్ట మల్ల పొదుగుకు రానియ్యి, మల్ల పెడుదువు అన్నది. నేను లోపలికి పోయి మీ తాతకు చేతితోని అన్నం పెట్టిన గా పూట. ఇంత పెద్ద ముద్ద పచ్చడి ఏసిన. కారానికి దగ్గుకుంట తిన్నడు.

ఇగ ఎర్ర పెట్ట గా ఒక్క పిల్లనే ఎంట ఏసుకొని తిరిగింది, పదిమంది పిల్లలున్న తల్లి లెక్క ఎచ్చులు. పిల్ల పెద్దగైంది. పెట్ట మల్ల గుడ్లు పెట్టింది, మల్ల గంప పట్టింది. సరిగ్గ అప్పుడే రుమాళ్లు మస్తు కావాలని షావుకారు పట్నంకెల్లి నూలు పంపిండు. నూనె పని మీదవడ్డది. ఇగ ఎట్ల? నూనెల చెయ్యి పెట్టకుంట నాకు నడవది, నూనె చెయ్యి గంపల పెట్టరాదు. నేను నోరు తెరిచి అడగలే. ఇంకోసారి చూద్దమని నాకు నేనే చెప్పుకుంటున్న.

పొద్దుగాల లేచి చూస్తే మా అత్త కొంగు బిగించి నూనె కుండ ముందర కూసున్నది. ఆమె గా పని ఇడిసిపెట్టి ఎన్నేండ్లయిందో, మొదటి కోడలు... కాదు, మొదటి కోడలు నేనే గదా, ఆమె బిడ్డ లగ్గమయ్యేదాక బిడ్డ చేసింది, తర్వాత నేను. మోకాళ్ల నొప్పులు ఆమెకు. అత్తా నేను చేస్త లే అంటే, నీ పని గంప కాడ అన్నది. నన్ను కూసోబెట్టి కుంకుడుకాయ రసం, బూడిద కలిపి నా రెండు చేతులు మోచేతుల దాక రుద్దింది. ఎట్ల రుద్దిందంటే తోలు లేచిపోతదేమో అనుకున్న. కడిగి, నీళ్ల సుక్క ఏసి చూసింది. నిలబడ్డది. మల్ల రుద్దింది. నాలుగోసారికి సుక్క నా చేతిల పరుచుకున్నది. ఇగ పో, పెట్టు అన్నది.

పదమూడు పెట్టిన గీసారి. పెట్టినంక ఇగ ముట్టద్దు, తిప్పుడు గిప్పుడు దానికి తెలుసు, నీకంటే ఎక్కువ తెలుసు అని చెప్పింది. ముట్టకుంట ఉండుడు గూడ పనే బిడ్డా. గంప ముందర కూసొని రెండు చేతులు నా తొడల కింద పెట్టుకునేదాన్ని, నా చేతుల్ని నేనే నమ్మక. దినానికొకసారి పెట్ట లేచి నూకలు తిని, దుమ్ముల పొర్లి, నీళ్లు తాగి ఒస్తది. గంతసేపు గుడ్లు సల్లారుతయేమోనని నా పానం కొట్టుకునేది. ముళ్లు మాత్రం నేను ఎయ్యలే గీసారి. దినాం మాపటికి పని కాంగనే మా అత్తనే ఒచ్చి ముడి ఏసేది. గా పోగంత నూనె అయింది.

ఇరవయ్యో దినం మధ్యాన్నం గుడ్డు లోపలికెల్లి సప్పుడు. ముందు నాకే ఇనొచ్చింది, నమ్మలే. అత్తను పిలిచిన. ఆమె చేతులు ఎనకకు పెట్టుకొని వంగి చెవి పెట్టింది. చెవి తియ్యకుంటనే తల ఊపింది. తెల్లారేసరికి గంపంత కియ్యికియ్యి. పదమూడుకు పదకొండయినయి. పెట్ట రెక్కల కిందికెల్లి ఒకటి, మెడ కిందికెల్లి ఒకటి, తలలు బయట పెట్టి చూసుడు. పచ్చటివి, నల్లటివి, ఒకటి చారలది. చూసొద్దమని వాడకట్టంత ఒచ్చింది. చేతిలేసుకున్న ఒకదాన్ని, గుండె ఎంత కొట్టుకుంటదో దానికి, అరచేతుల తెలుస్తది. నేను ముట్టినా బతికే ఉన్నది. గరిటె పక్కకు పారేసిన.

గా పిల్లల్ని సాకుడు ఇంకో ముచ్చట. పాత కుండల పెండ, తడి గడ్డి పెట్టి చెల్కల బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడుతయి, అవి తెచ్చి దులిపితే పిల్లలు మీదవడి తింటయి. గద్ద రెండిటిని తన్నుకపోయింది, కండ్ల ముందరనే, నేను ఒర్రుకుంట ఉరికిన గని ఏం లాభం. ఒకటి గంజి కుండల పడ్డది, తీసి ఎండల పెడితే ఈకలన్ని గట్టిపడి కట్టె లెక్క నిలబడ్డది. దాన్ని ఉడుకు నీళ్లతోని కడిగి కొంగుల చుట్టుకొని కూసున్న. బతికింది, గదే పెద్దగై మస్తు గుడ్లు పెట్టింది. ఓ దినం పిల్లలన్ని తాడు తెంపుకున్న తల్లి ఎంట వాడలకొచ్చి సాపిన పడుగు కిందికెల్లి ఇటొకటి అటొకటి ఉరికినయి. కూరొండుతనన్న మా అత్త సన్నటి పుల్ల పట్టుకొని, పోగులు తెగకుంట, పిల్లలకు తగలకుంట ఎనకెనక ఉరికింది. మీ తాత మగ్గం ఆపి నవ్విండు. గా నవ్వు నాకు ఇప్పటికి యాదుంది.

అసలు ముచ్చట చెప్పనే లేదు. పిల్లలయిన రెండో దినమో మూడో దినమో, మగ్గం మీద పాత పడుగు అయిపోయింది. కొత్తది అతకాలె. పక్కింటామె పసుపు తట్ట పట్టుకొని తయారై ఒచ్చింది, ఎప్పుడు ఆమెతోనే కట్టిస్తరు గదా. నేను అలవాటు ప్రకారం దూరం జరిగి దర్వాజ కాడ నిలబడ్డ. మా అత్త నూనె కుండ కాడికెల్లి లేచొచ్చింది. మగ్గం కాడ నిలబడి ఇటు చూసింది. ఆమె పక్కింటామెకు ఏం చెప్తదా అని అందరు చూస్తున్నరు. ఆమె తన రెండు చేతులు ముందరికి సాపింది, మోచేతుల దాక నూనె, గోర్ల నడుమ బూడిద, అక్కడక్కడ తోలు పగిలింది.

"నా చేతులకు నూనె ఉన్నది. దా నర్సమ్మా, నువ్వు కట్టు."

గంతే. పక్కింటామె పసుపు తట్ట నా చేతికిచ్చింది. పోగు పట్టుకున్న, ముడి రెండుసార్లు జారింది, మూడోసారి పడ్డది. ఆ పడుగు ఒక్క పోగు తెగకుంట సాగిందని చెప్పాలె నేను, కని అబద్ధమెందుకు, మస్తుసార్లు తెగింది. తెగినప్పుడల్ల మీ తాత అతుక్కున్నడు. మా అత్త మాత్రం ఎన్నడు దాన్ని నా చేతి మీద పెట్టలే. నూలు పాతది, గందుకే తెగుతాంది అన్నది. గంతే బిడ్డా, చెయ్యి మంచిదంటే. ఎవరన్న నీ ఎనక గట్ల నిలబడి ఒక్క మాట అంటే నీ చెయ్యి మంచిదైతది.

ఇగ నీ ముచ్చట. నువ్వు చెప్పకపోయినా నాకెరుకే. పోయినేడు నీ కడుపు నిలువలేదని మీ అత్తగారింట్ల ఎవరో ఏదో అన్నరంట, మీ అమ్మ నాకు చెప్పుకుంట ఏడ్చింది. దవాఖానల డాక్టరమ్మ నీకేం ఫికర్ లేదు, మల్లైతది అన్నది గదా. గది ఇడిసిపెట్టి గిది పట్టుకున్నవా? నువ్వు ఏం ముట్టి పోగొట్టినవే? నేను గూడ గట్లనే అనుకున్న, అందుకే చెప్తున్న. నా మనవరాలి చెయ్యి మంచిది. నేనంటున్న, అన్నోళ్లను నా దగ్గరికి పంపు.

ఏడువు, కొంచెం ఏడువు, ఏం కాదు. ఇగ సాలు. లే. పోయి చేతులు కడుక్కో, గా క్రీమో ఏందో పూసుకుంటవు గదా, అది పోయేటట్టు రుద్దు. కుంకుడుకాయలు అల్మారి కింది గంపల ఉన్నయి. సుక్క ఏసి చూసుకో, పరుచుకోవాలె.

అయిందా? సూపియ్యి. ఆఁ, మంచిగైనయి. ఇగో, గుడ్లు ఒళ్లె పోసుకో. నేను కోడి మెడ మీద చెయ్యి పెట్టి పట్టుకుంట, నన్నైతే పొడవది. నువ్వు పెట్టు. నువ్వే పెట్టాలె. ఒకటి... రెండు... మెల్లగ, మెల్లగ బిడ్డా, దాని రొమ్ము కిందికి జరుపు. ఇగ చెయ్యి తియ్యి. మల్ల ముట్టకు, దానికెరుకే. నీ కడుపు సల్లగుండ, నీ చెయ్యి సల్లగుండ... సూడు, ఎట్ల సర్దుకొని కూసుంటాందో.